కొలతకు అందని కష్టం: మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో మనసు, అలసట, ఆలోచనల చరిత్ర

మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల తంతువులను కప్పి ఉండే మైలిన్ అనే కొవ్వు పొర అక్కడక్కడ దెబ్బతిని, ఆ చోట్ల గట్టిపడిన మచ్చలు ఏర్పడే దీర్ఘవ్యాధి మల్టిపుల్ స్క్లెరోసిస్. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే ఈ పొరపై దాడి చేయడం వలన నరాల గుండా సాగవలసిన సంకేతాలు కొన్నిచోట్ల మందగిస్తాయి, కొన్నిచోట్ల పూర్తిగా ఆగిపోతాయి. ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య వయసులో, పురుషులకంటే స్త్రీలలో అధికంగా మొదలయ్యే ఈ వ్యాధికి గుర్తులుగా సాధారణంగా చెప్పేవి చూపు మసకబారడం, కాళ్లు తడబడడం, చేతులు వణకడం, తిమ్మిర్లు. అయితే రోగి ఉద్యోగాన్ని, సంసారాన్ని, ఆత్మవిశ్వాసాన్ని లోపలినుంచి కుదిపేవి మరి మూడున్నాయి: మనఃస్థితిలో వచ్చే మార్పులు, విశ్రాంతితో తీరని అలసట, ఆలోచన మందగించడం. వీటిలో మనసుకూ ఆలోచనకూ సంబంధించిన మార్పులు ఈ వ్యాధికి పేరు పెట్టిన తొలి పాఠాలలోనే నమోదయ్యాయి. అయినా ఈ మూడింటినీ వ్యాధిలో భాగంగా లెక్కించడానికి వైద్యశాస్త్రానికి నూరేళ్లకు పైగా పట్టింది. రోగి చెప్పిన దానికంటే వైద్యుని పరీక్షకు లొంగినదే వ్యాధిగా చెలామణి కావడం ఈ ఆలస్యానికి ముఖ్యమైన కారణం, దాని భారాన్ని మోసినవారు రోగులే.

సాల్‌పెట్రియేర్ పాఠాలు

వ్యాధికి ఇంకా పేరు లేని కాలంలోనే దాని నడకను ఒక రోగి రాసి ఉంచాడు. ఇంగ్లండు రాజు మూడవ జార్జ్ మనుమడైన అగస్టస్ డెస్టే, 1822లో చూపు మసకబారడంతో మొదలైన తన జబ్బు వివరాలను 1846 వరకు దినచర్యలో నమోదు చేశాడు. ఆ రాతలు 1948లో అచ్చయిన తరువాతగాని వైద్యలోకం దృష్టికి రాలేదు. వైద్యుల వైపున, 1830లలో స్కాట్లండుకు చెందిన రాబర్ట్ కార్స్‌వెల్, ఫ్రాన్సుకు చెందిన ఝాన్ క్రువేయే శవపరీక్షలలో కనబడిన మచ్చలను చిత్రాలతో సహా ప్రచురించారు. జర్మనీలో ఫ్రెరిక్స్ 1849లో బతికి ఉన్న రోగిలోనే ఈ వ్యాధిని గుర్తించవచ్చునని వాదించి, దాని లక్షణాలలో మానసిక మార్పులను కూడా చేర్చాడు. ఆయన నిర్ధారణలను అప్పట్లో చాలామంది అనుమానించారు గాని, శిష్యుడైన వాలెంటినర్ 1856లో ప్రకటించిన శవపరీక్షల వివరాలు గురువు మాటను సమర్థించాయి.

ఈ చెదురుమదురు పరిశీలనలన్నిటినీ ఒక వ్యాధిగా కూర్చినవాడు పారిస్ వైద్యుడు ఝాన్ మార్టిన్ షార్కో. ఆయన పనిచేసిన సాల్‌పెట్రియేర్ ఆస్పత్రి, దిక్కులేని పేద స్త్రీలకు, వృద్ధులకు, దీర్ఘరోగులకు ఆశ్రయంగా ఉండి, వేలమందిని ఏళ్ల తరబడి ఒకేచోట ఉంచే సంస్థ కావడం వలన, రోగి బతికి ఉండగా కనిపించిన లక్షణాలను మరణానంతరం మెదడులో, వెన్నుపాములో కనిపించిన మచ్చలతో పోల్చి చూసే అవకాశం ఆయనకు దొరికింది. 1866లో సహచరుడు వుల్పియాన్ ఇలాంటి రోగుల వివరాలను పారిస్ వైద్యసభ ముందు ఉంచగా, 1868లో షార్కో తన ఉపన్యాసాలలో వ్యాధి స్వరూపాన్ని విపులంగా నిర్దేశించాడు. కనుపాపలు అదేపనిగా అటూ ఇటూ ఊగడం, వస్తువును అందుకోబోయినప్పుడు చేయి వణకడం, మాట అక్షరం అక్షరంగా విరిగి రావడం అనే మూడు లక్షణాల కూటమికి ఆయన పేరే స్థిరపడింది.

అదే ఉపన్యాసాలలో షార్కో మరొక సంగతి కూడా చెప్పాడు. చాలామంది రోగులలో జ్ఞాపకశక్తి స్పష్టంగా తగ్గుతుందని, భావాలు నెమ్మదిగా రూపుకడతాయని, బుద్ధితోపాటు ఉద్వేగాలు కూడా మొద్దుబారతాయని, కొందరు కారణం లేకుండా నవ్వి అంతలోనే కన్నీరు పెడతారని ఆయన గమనించాడు. 1877లో జార్జ్ సిగర్సన్ చేసిన ఆంగ్లానువాదంతో ఈ పరిశీలనలు బ్రిటన్, అమెరికా వైద్యులకు కూడా అందుబాటులోకి వచ్చాయి. అయితే ఊగే కన్నునూ వణికే చేతినీ వందమంది విద్యార్థులకు ఒకేసారి చూపించవచ్చు. ఆలోచనలోని మందగమనాన్ని అలా ప్రదర్శించడానికి వీలులేదు. అందువలన కూటమిలోని మూడు లక్షణాలూ పాఠ్యపుస్తకాల శీర్షికలకెక్కగా, మనసును గురించిన పరిశీలన క్రమంగా వివరాల అడుగున పడిపోయింది.

అనుమానపు నీడలో అలసట

పంతొమ్మిదో శతాబ్దపు చివరి భాగంలో అలసట శాస్త్రజ్ఞులను బాగా ఆకర్షించిన విషయమే. అమెరికా వైద్యుడు జార్జ్ బియర్డ్ 1869లో న్యూరస్థీనియా, అంటే నాడీశక్తి సన్నగిల్లడం, అనే రోగభావనను ప్రచారంలోకి తెచ్చాడు. ఇటలీ శాస్త్రజ్ఞుడు ఆంజెలో మోస్సో వేలికి బరువు కట్టి అది ఎత్తగలిగిన కొలదిని గీతగా నమోదు చేసే ఎర్గోగ్రాఫ్ అనే పరికరాన్ని తయారుచేసి, 1891లో అలసట మీద ఒక గ్రంథమే ప్రచురించాడు. ఈ ఆసక్తి వలన మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులకు మేలు జరగలేదు. మోస్సో పరికరం కొలిచినది కండరపు అలసటను; బియర్డ్ భావన వివరించినది నాగరిక జీవితపు ఒత్తిడితో డస్సిపోయిన మనిషిని; నరాల పొర దెబ్బతిన్నందువలన కలిగే అలసటకు ఈ రెండింటిలోనూ చోటు లేదు. వ్యాధి తొలిదశలో లక్షణాలు వచ్చి పోతూ ఉంటాయి కాబట్టి, ఇవాళ కాలు లాగుతోందని, రేపు చేయి మొద్దుబారిందని, ఎల్లవేళలా నిస్సత్తువగా ఉందని చెప్పే యువతికి హిస్టీరియా, అంటే శారీరక కారణం లేని మనోవికారం, అనే ముద్ర తేలికగా పడేది. లండన్ వైద్యుడు థామస్ బజర్డ్ 1890 ప్రాంతంలోనే నాడీవ్యాధులు హిస్టీరియాగా పొరపడే ప్రమాదాన్ని ప్రత్యేకంగా చర్చించి హెచ్చరించవలసి వచ్చిందంటే, ఆ పొరపాటు ఎంత సాధారణమైనదో ఊహించవచ్చు.

ఆ కాలంలోనే అలసటకు శారీరక మూలం ఉందనడానికి ఒక ఆధారం కూడా దొరికింది. జర్మన్ నేత్రవైద్యుడు విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ 1890లో, ఈ రోగులలో కొందరికి కొంతసేపు శ్రమించగానే చూపు మసకబారి, విశ్రాంతి తీసుకోగానే తిరిగి వస్తుందని గుర్తించాడు. శ్రమ వలన శరీరపు వేడి పెరగడమే దీనికి కారణమని, పొర పోయిన నరం కొద్దిపాటి వేడికే సంకేతాలను మోయలేకపోతుందని తరువాతి పరిశోధనలు తేల్చాయి. వేడినీటి తొట్టెలో రోగిని కూర్చోబెట్టి, దాగి ఉన్న లక్షణాలు బయటపడతాయేమో చూడడం ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలో ఒక నిర్ధారణ పద్ధతిగా కూడా వాడుకలో ఉండేది. వేడికి చూపు తగ్గడాన్ని అంత శ్రద్ధగా పరీక్షించిన వైద్యులు, అదే వేడికి మనిషి మొత్తంగా కుప్పకూలినట్లయ్యే స్థితిని మాత్రం చాలాకాలం పరిశోధనాంశంగా తీసుకోలేదు.

రోగి మాటకు విలువ లేకపోవడంతోపాటు, రోగికి నిజం చెప్పకపోవడం కూడా అప్పటి ఆచారం. బార్బెలియన్ అనే కలంపేరుతో రాసిన ఆంగ్ల ప్రకృతిశాస్త్రజ్ఞుడు బ్రూస్ కమింగ్స్ 1915లో సైన్యపు వైద్యపరీక్షకు తీసుకువెళ్లిన సీలువేసిన ఉత్తరాన్ని తిరుగుదారిలో విప్పి చదివి తన వ్యాధి ఏమిటో తెలుసుకున్నాడు. పెళ్లికి ముందే ఆ సంగతి ఆయన భార్యకు తెలుసునని ఆయనకు ఆ తరువాతగాని అర్థం కాలేదు. 1919లో వెలువడిన ఆయన డైరీలో నిరాశ, కోపం, జీవితేచ్ఛ ఒకదానినొకటి తోసుకుంటూ కనిపిస్తాయి. సరిగ్గా ఆ తరువాతి దశాబ్దంలోనే వైద్యశాస్త్రం ఈ రోగులను సంతోషచిత్తులుగా వర్ణించడం మొదలుపెట్టింది.

సంతోషచిత్తుడైన రోగి అనే సిద్ధాంతం

1926లో లండన్‌లో కాట్రెల్, కిన్నియర్ విల్సన్ అనే ఇద్దరు వైద్యులు నూరుమంది రోగులను ప్రశ్నించి ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో దశాబ్దాలపాటు ప్రమాణంగా నిలిచింది. విల్సన్ అప్పటికే తన పేరుతోనే ప్రసిద్ధమైన కాలేయ, మెదడు వ్యాధిని 1912లో వర్ణించిన పెద్ద పండితుడు కావడం వలన ఆయన మాటకు బరువుండేది. ఎక్కువమంది రోగులలో యూఫోరియా, అంటే పరిస్థితికి తగని ఉల్లాసం, కనిపిస్తుందని, కాళ్లు కదలకున్నా ఒంట్లో బాగానే ఉందనే భావన, త్వరలోనే నయమవుతుందనే ఆశ వారిని వదలవని ఆ వ్యాసం చెప్పింది. కుంగుబాటు కనిపించినది పదిమందిలో ఒకరికే అని, బుద్ధిశక్తి తగ్గడం నూరుమందిలో ఇద్దరికే పరిమితమని వారి లెక్క.

ఈ లెక్కలో ముఖ్యమైన లోపాలున్నాయి. రోగులను పోల్చి చూడడానికి మరో వ్యాధితో బాధపడేవారి బృందంగాని, ఆరోగ్యవంతుల బృందంగాని లేదు. బుద్ధిశక్తిని కొలిచే ప్రామాణిక పరీక్షలు వాడకుండా సంభాషణ మీదనే ఆధారపడ్డారు. మాటతీరు, పదసంపద ఈ వ్యాధిలో చాలాకాలం చెక్కుచెదరవు కాబట్టి, లోపల వేగం తగ్గిన మనిషి కూడా సంభాషణలో మామూలుగానే కనిపిస్తాడు. మెదడులోని మార్పుల వలన నవ్వు, ఏడుపు అదుపు తప్పడం ఒక సంగతి, నిజంగా సంతోషంగా ఉండడం వేరొక సంగతి. విల్సన్ స్వయంగా 1924లో అదుపు తప్పిన నవ్వు, ఏడుపుల గురించి ప్రత్యేకంగా రాసినా, ఆయన తరువాతివారు ఈ భేదాన్ని నిలకడగా పాటించలేదు. ఫ్రాన్సులో 1929లో ఓంబ్రెదాన్ మానసిక పరీక్షలతో జరిపిన అధ్యయనం ఆలోచనా లోపాలు ఎక్కువమందిలో ఉన్నాయని చూపినా, ఆంగ్ల పాఠ్యపుస్తకాలలో లండన్ అభిప్రాయమే రాజ్యం చేసింది. ఈ వ్యాధి సోకినవారు ఉల్లాసంగా ఉంటారని చదువుకున్న వైద్యుని ముందు కుంగిపోయిన రోగి కూర్చుంటే, ఆ కుంగుబాటు చికిత్స చేయదగిన లక్షణంగా ఆయనకు కనిపించే అవకాశం తక్కువ. ఒక తప్పు సిద్ధాంతం గదిలోని మనిషి దుఃఖాన్నే కనిపించకుండా చేయగలదనడానికి వైద్యచరిత్రలో ఇంతకంటే బాధాకరమైన నిదర్శనాలు తక్కువ.

నడకతో కొలిచిన వ్యాధి

రెండవ ప్రపంచయుద్ధం ముగిసే సమయంలో పరిస్థితి కొంత మారింది. తమ్ముడికి ఈ వ్యాధి సోకిన సిల్వియా లారీ అనే యువతి, దీని నుంచి కోలుకున్నవారెవరైనా ఉంటే తెలియజేయమని కోరుతూ 1945లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ప్రకటన ఇచ్చింది. జవాబులు రాసినవారిలో అత్యధికులు తనలాగే ఆశ కోసం వెతుకుతున్నవారే కావడంతో, 1946లో ఆమె చొరవతో అమెరికా జాతీయ సంఘం ఏర్పడింది. రోగుల కుటుంబాలు, పరిశోధకులు ఒక వేదిక మీదికి రావడం అదే మొదలు; బ్రిటన్‌లో 1953లోనూ, భారతదేశంలో 1985లోనూ ఇలాంటి సంఘాలు వెలిశాయి.

పరిశోధన పెరిగేకొద్దీ వ్యాధి తీవ్రతను అంకెలలో చెప్పవలసిన అవసరం వచ్చింది. అమెరికా నాడీవైద్యుడు జాన్ కర్ట్‌కీ 1955లో ప్రతిపాదించి, 1983లో విస్తరించిన సున్నా నుంచి పది వరకు ఉండే కొలమానం ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. మానసిక వ్యవహారాన్ని కూడా అందులో ఒక అంశంగా చేర్చినప్పటికీ, నాలుగు దాటిన తరువాత స్థాయిని నిర్ణయించేది ప్రధానంగా నడకే: సాయం లేకుండా ఎన్ని మీటర్లు నడవగలరు, కర్ర కావాలా, చక్రాల కుర్చీ కావాలా అన్నవే అక్కడి ప్రశ్నలు. నాడీవైద్యుల మధ్య ఒక ఉమ్మడి భాషను ఏర్పరచిన ఈ కొలమానపు ఉపయోగాన్ని తక్కువ చేయలేము. ఆ తరువాత వచ్చిన ఎన్నో మందుల ప్రభావాన్ని దానితోనే పరీక్షించారు. అయితే కాళ్లలో బలం నిలిచి, రెండు గంటల పని తరువాత వాక్యాన్ని పూర్తిచేయలేకపోతున్న ఉపాధ్యాయునికి ఈ కొలత ప్రకారం దాదాపు ఏ వైకల్యమూ లేనట్లే.

లెక్కను సరిదిద్దిన అధ్యయనాలు

మార్పు పోలికతో మొదలయింది. అమెరికా సైన్యంలో చేరేటప్పుడు ప్రతి సైనికుడూ రాసిన బుద్ధిపరీక్ష మార్కులు భద్రంగా ఉండడం వలన, 1951లో కాంటర్ అనే పరిశోధకుడు తరువాత ఈ వ్యాధి సోకిన సైనికులకు మళ్లీ అదే పరీక్ష పెట్టి, వారి పూర్వపు మార్కులతోనే పోల్చి, వారి శక్తి గణనీయంగా తగ్గిందని చూపగలిగాడు. 1969లో బ్రిటన్‌లో సరిడ్జ్ 108 మంది మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులను, మెదడును కాక కండరాలను క్షీణింపజేసే వ్యాధి ఉన్న 39 మందితో పోల్చాడు. మొదటి బృందంలో ఆలోచనాశక్తి తగ్గడం సగానికి పైగా రోగులలో కనిపించగా, కుంగుబాటు, ఉల్లాసం ఒక్కొక్కటి సుమారు నాలుగోవంతు మందిలో కనిపించాయి. పైగా ఆ ఉల్లాసం ఎక్కువగా బుద్ధిశక్తి బాగా దెబ్బతిన్నవారిలోనే ఉంది. 1926 నాటి చిత్రం ఈ ఒక్క అధ్యయనంతో తలకిందులైంది: ఉల్లాసం వ్యాధి సహజ లక్షణం కాదు, మెదడు చాలావరకు దెబ్బతిన్న తరువాతి దశకు గుర్తు.

1980లో పైసర్ బృందం అంతకంటే కలవరపెట్టే విషయాన్ని బయటపెట్టింది. నాడీవైద్యులు ఆలోచనాశక్తి బాగానే ఉందని రాసిన రోగులకు ప్రామాణిక పరీక్షలు పెట్టగా, వారిలో దాదాపు సగంమందికి లోపాలున్నట్లు తేలింది. 1991లో స్టీఫెన్ రావు బృందం ఆస్పత్రులలో కాక సమాజంలో జీవిస్తున్న నూరుమంది రోగులను నూరుమంది ఆరోగ్యవంతులతో పోల్చి, రోగులలో 43 శాతం మందికి ఆలోచనా లోపాలున్నాయని నిర్ధారించింది. నడకలోని వైకల్యానికీ ఈ లోపానికీ ఉన్న సంబంధం స్వల్పమేనని, కాళ్ల బలం ఒకే స్థాయిలో ఉన్నవారిలో కూడా ఆలోచన మందగించినవారు ఉద్యోగాలు, స్నేహాలు ఎక్కువగా కోల్పోతున్నారని అదే పరిశోధన చూపింది. ఎక్కువగా దెబ్బతినేది సమాచారాన్ని గ్రహించి పరిష్కరించే వేగం. ఆరన్ స్మిత్ రూపొందించిన పరీక్షలో తొమ్మిది గుర్తులకు తొమ్మిది అంకెలు జతచేసి, తొంభై సెకన్లలో ఎన్ని గుర్తులకు సరైన అంకెలు చెప్పగలరో చూస్తారు. చూడడానికి చిన్నదైన ఈ పరీక్ష ఆ మందగమనాన్ని పట్టుకోవడంలో చాలా సమర్థమైనది. జ్ఞాపకం విషయంలో 1990లలో జరిగిన పరిశోధనలు, చాలామందిలో లోపం నేర్చుకున్నది మరచిపోవడంలో కాక మొదట నేర్చుకోవడంలోనే ఉందని, ఎక్కువ సార్లు చదివి ఒకసారి పట్టుబడిన దానిని వారు ఇతరులలాగే గుర్తుంచుకోగలరని సూచించాయి.

అలసటకు గుర్తింపు 1980లలో వచ్చింది. 1984లో అమెరికాలో 656 మంది రోగులను అడిగి చేసిన సర్వేలో 78 శాతం మంది అలసటతో బాధపడుతున్నట్లు చెప్పారు. 1988లో లారెన్ క్రప్ బృందం ఈ అలసట ఆరోగ్యవంతులకు కలిగే అలసట వంటిది కాదని, వేడితో పెరుగుతుందని, రోజువారీ బాధ్యతలను అడ్డుకుంటుందని వివరించి, మరుసటి సంవత్సరం తొమ్మిది వాక్యాల ప్రశ్నావళిని ప్రచురించింది. రోగి తన అనుభవానికి తానే ఒకటి నుంచి ఏడు వరకు అంకె వేసే ఈ పద్ధతితో, అలసట విషయంలో రోగి మాటే ఒక కొలతగా శాస్త్రంలోకి ప్రవేశించింది. అదే కాలంలో అందుబాటులోకి వచ్చిన ఎమ్మారై చిత్రాలు, బయటికి లక్షణాలు కనిపించని వేళల్లో కూడా మెదడులో కొత్త మచ్చలు ఏర్పడుతుంటాయని చూపి, రోగుల ఫిర్యాదులకు శారీరక ఆధారాన్ని సమకూర్చాయి.

మనఃస్థితి విషయంలో మేల్కొలుపు మరింత కఠినంగా వచ్చింది. 1991లో కెనడాలో సాడోవ్నిక్ బృందం ఈ రోగుల మరణ కారణాలను పరిశీలించి, ఆత్మహత్యల నిష్పత్తి సాధారణ జనాభాలోకంటే చాలా రెట్లు అధికంగా ఉందని ప్రకటించింది. తరువాతి అధ్యయనాలు జీవితకాలంలో సుమారు సగంమంది రోగులు తీవ్రమైన కుంగుబాటుకు లోనయ్యే అవకాశం ఉందని అంచనా వేశాయి. మెదడులోని మచ్చలు, రోగనిరోధక వ్యవస్థ కలిగించే వాపు, జీవితం తలకిందులైన దుఃఖం ఇందులో కలగలిసి ఉంటాయి కాబట్టి, ఇంత జబ్బు వస్తే దిగులు సహజమేగదా అని సరిపెట్టుకోవడం చికిత్సకు అడ్డంకి.

గుర్తింపు తరువాతి బాధ్యత

గుర్తింపు వచ్చినంత త్వరగా ఔషధాలు రాలేదు. 1980లలో అలసట తగ్గించడానికి వాడడం మొదలైన అమాంటడీన్‌ను, ఆ తరువాతి మరి రెండు మందులను ఉత్తుత్తి మాత్రతో పోల్చిన 2021 నాటి అమెరికా పరిశోధనలో, ఆ మూడింటిలో ఏదీ ఉత్తుత్తి మాత్రకంటే మెరుగుగా పనిచేయలేదని తేలింది. మరోవైపు ఆలోచనలను, అలవాట్లను క్రమపద్ధతిలో సరిదిద్దే మనోచికిత్స, క్రమమైన వ్యాయామం, శక్తిని పొదుపుగా పంచుకునే దినచర్య, ఒంటిని చల్లగా ఉంచుకోవడం, నిద్రను చెడగొట్టే కారణాలను సరిచేయడం అనేకులకు మేలు చేస్తున్నాయి. ఈ రోగులలోని కుంగుబాటు మనోచికిత్సకూ మందులకూ లొంగుతుందని 2001లో డేవిడ్ మోర్ బృందం తులనాత్మకంగా చూపింది. 2012లో అంతర్జాతీయ నిపుణులు పావుగంటలో ముగిసే మూడు పరీక్షల కూర్పును సిఫారసు చేయడంతో, మనస్తత్వ నిపుణుడు లేని ఆస్పత్రిలో కూడా ఆలోచనా వేగాన్ని, జ్ఞాపకాన్ని పరిశీలించడం సాధ్యమైంది.

భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను తాను పేర్కొన్న 21 వైకల్యాలలో చేర్చింది. రిజర్వేషన్ల వంటి ముఖ్య ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ధ్రువపడాలి. అందువలన దేనిని కొలుస్తారన్న పాత ప్రశ్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని రోగికి కూడా నేరుగా వర్తిస్తుంది. వైద్యమండలి ముందుకు నడిచి వచ్చిన మనిషి, మే నెల ఎండలో మధ్యాహ్నానికే శక్తి ఉడిగిపోయేవాడో, ఇంటి లెక్కలు కూడా సరిచూసుకోలేకపోతున్నదో ఆ నడక చెప్పలేదు. పదాల జాబితాలతో జ్ఞాపకాన్ని కొలిచే పరీక్షలు తెలుగు పదాలతో, తెలుగువారి చదువు స్థాయిలకు తగిన ప్రమాణాలతో ఉన్నప్పుడే న్యాయమైన ఫలితమిస్తాయి. బడికి పోని వ్యక్తి మార్కులను పట్టభద్రుని మార్కులతో పోల్చడం మరొక కొత్త అన్యాయం అవుతుంది.

షార్కో కాలం నుంచి నేటివరకు సాగిన ఈ చరిత్రలో కొత్త లక్షణమేదీ పుట్టలేదు. రోగులు మొదటినుంచీ అనుభవిస్తున్నదే నెమ్మదిగా శాస్త్రపు లెక్కలోకి వచ్చింది. ప్రతి ముందడుగూ ఎవరో ఒక పరిశోధకుడు రోగి మాటను నమ్మి, దానికి తగిన పరీక్షను తయారుచేసుకున్నప్పుడే పడింది. మనసు ఎలా ఉంది, అలసట ఎంత, పనిలో ఏం తప్పిపోతోంది అనే మూడు ప్రశ్నలను మొదటి సందర్శనంలోనే అడిగి, జవాబులను నడక వివరాల పక్కనే రాయడం ఏ ఖర్చూ లేని పని. అదే ఇంకా అన్నిచోట్లా అలవాటుగా మారవలసిన పని కూడా.